భయమూ భక్తీ

వియన్నా రేడియం పరిశోధన సంస్థలో పనిచేసే ఒక రసాయన శాస్త్రవేత్త తన సొంత డబ్బు పెట్టి గ్యాస్ మాస్కు కొనుక్కున్నారు. అంతకుముందు సంస్థ అధిపతి స్టెఫాన్ మేయర్‌ను అడిగి చూశారు. ఆయన ఆ ప్రమాదాన్ని అంతగా పట్టించుకోలేదు. మేయర్‌ను తప్పుపట్టడానికి మనసు రాదు. ఆడవాళ్లకు ప్రయోగశాల తలుపులు తెరవడానికి విశ్వవిద్యాలయాలు నీళ్లు నమిలే రోజుల్లో ఎందరో మహిళలకు చోటిచ్చిన పెద్దమనిషి ఆయన. కాని రేడియం అంటే ఆ తరానికి ఇంటికి కొత్తగా వచ్చిన పసిపాపలాంటిది. దాన్ని చేతుల్లోకి తీసుకోవడమే తప్ప దానికి జడవడం చాలామందికి తట్టలేదు. ఆ ప్రయోగశాలలో తర్వాత రేడియోధార్మిక పదార్థాలున్న సీసాలు పేలాయి, గది కలుషితమైంది. ఆ పూట తనను కాపాడింది ఆ మాస్కేనని ఎలిజబెత్ రోనా చివరిదాకా నమ్మారు.

రోనా 1890 మార్చి 20న బుడాపెస్టులో పుట్టారు. తండ్రి పేరున్న వైద్యుడు. రేడియం చికిత్సను ఆ నగరానికి తెచ్చినవారిలో ఒకరు. కూతురూ డాక్టరవుతానంది. ఆడపిల్లకు ఆ వృత్తి కష్టమని తండ్రి వద్దన్నారు. తండ్రి మాట కాదనలేక కాబోలు, రసాయన శాస్త్రం వైపు మళ్లి 1912లో డాక్టరేటు పుచ్చుకున్నారు. పొలోనియంతో కాపురం చేయడం కంటే వైద్యం కష్టమా అని ఇప్పుడు మనకు నవ్వొస్తుంది.

బుడాపెస్టులో ఆమె జార్జ్ డి హెవెషితో కలిసి పనిచేశారు. తర్వాత 1943 సంవత్సరపు నోబెల్ అందుకున్న హెవెషి అప్పటికే ఒక చిట్కా పట్టుకున్నారు. మామూలు సీసానికీ రేడియోధార్మిక సీసానికీ రసాయన గుణాల్లో తేడా లేదు. రెండోది మాత్రం తానెక్కడున్నదీ కిరణాలతో చెప్పేస్తుంది. మందలో ఒక్క గొర్రె మెడకు గంట కడితే మంద ఎటు పోతున్నదీ కాపరికి తెలిసిపోయినట్టే. ఈ గంట గొర్రెకు ‘ట్రేసర్’ అన్న మాట రోనా చేసిన అధ్యయనంలోనే పుట్టిందని చెబుతారు. ఈ పత్రిక చదివేవారిలో థైరాయిడ్ స్కానో పెట్ స్కానో చేయించుకున్నవారుంటే, వారి ఒంట్లోకి వెళ్లి వచ్చింది ఆ గంట గొర్రె వారసురాలే.

1919లో హంగరీ అల్లకల్లోలమైంది. అక్కడి నుంచి ఆమె బతుకు సూట్‌కేసులోకి చేరింది. 1921లో రసాయన శాస్త్రవేత్త ఓటో హాన్ పిలుపు మీద బెర్లిన్ వెళ్లారు. మళ్లీ స్వదేశం వచ్చి కొన్నాళ్లు బట్టల మిల్లులో పనిచేశారు. 1924లో వియన్నా చేరారు. రెండేళ్లకు పారిస్ వెళ్లి మేరీ క్యూరీ కూతురు ఐరీన్ దగ్గర పొలోనియం తయారీ నేర్చుకున్నారు. ఆ పని చూడటానికి ఏమీ ఉండదు. పొలోనియం కరిగి ఉన్న ఆమ్లంలో పల్చటి వెండి రేకు ముంచితే, కరెంటు పెట్టకుండానే పొలోనియం వచ్చి రేకును అంటుకుంటుంది. ఎంత అంటుకుందో కంటికి ఆనదు. ఆ రేకు నుంచి వెలువడే ఆల్ఫా కణాలను ఒక్క కాగితం ముక్క ఆపేస్తుంది. అదే పదార్థం రవ్వంత ఊపిరితోనో అన్నంతోనో లోపలికి పోతే మాత్రం మనిషిని ఆపేస్తుంది. పైగా 138 రోజులకు సగమైపోయే సరుకు. దాచుకోవడానికి లేదు, ఎప్పటికప్పుడు చేసుకోవలసిందే. వియన్నాలో సహోద్యోగుల ప్రయోగాలకు కావలసిన పొలోనియం వండి వడ్డించింది రోనాయే.

వేసవి వస్తే స్వీడన్ తీరంలోని బోర్నో. వియన్నా సహోద్యోగి బెర్తా కార్లిక్ తదితరులతో కలిసి సముద్రపు నీటిలో రేడియం, యురేనియం ఎంతున్నాయో లెక్కగట్టే పని. లీటరు నీటిలో యురేనియం మూడు మైక్రోగ్రాములుంటుంది. రేడియం అందులో లక్షో వంతు కూడా ఉండదు. ఏళ్ల తరబడి కూర్చుని ఆ లెక్క తీయాలంటే ఎంత ఓపిక కావాలి! 1933లో ఆమెకూ కార్లిక్‌కూ కలిపి ఆస్ట్రియా శాస్త్ర అకాడమీ హైటింగర్ బహుమతి ఇచ్చింది.

1938లో హిట్లర్ సేనలు వియన్నాలో దిగాయి. యూదు మూలాలున్న మేయర్ పదవి పోయింది. అవే మూలాలున్న రోనా స్వీడన్, నార్వే, తిరిగి బుడాపెస్టు మీదుగా 1941లో అమెరికా చేరారు. అక్కడి ప్రభుత్వానికి పొలోనియం విద్య అవసరపడింది. ఆమె అప్పటికి ఆ దేశ పౌరురాలైనా కాదు. తన పద్ధతిని పైసా పుచ్చుకోకుండా ఇచ్చేశారు. ఆ ఉదారత కథ ఇక్కడే ఆగితే బాగుండేది. అమెరికా తొలి అణుబాంబుల గుండెలో గొలుసుకట్టు చర్యను మొదలుపెట్టే నిప్పురవ్వ పొలోనియం, బెరీలియం కలిపి చేసిందే. ఆడంబరం లేని ఈ మనిషిని మెచ్చుకుంటూ ఆ మాట దాచిపెట్టడం న్యాయం కాదు. నాజీల నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి ఆ యుద్ధంలో ఎటు నిలబడాలని సుఖంగా ఇంట్లో కూర్చుని మనం తీర్పు చెప్పడమూ న్యాయం కాదు.

భయభక్తులతో మసలుకోవాలని మన పెద్దలు అనేవారు. ఈ కాలం వాళ్లకు ఆ జంట మాట కిట్టదు. ఇష్టపడ్డదానికి భయపడటమేమిటని అడుగుతారు. రోనాకు ఈ ప్రశ్న వచ్చి ఉండదు. పొలోనియంతో ఆమె చేసినంత సావాసం చేసినవారు లోకంలో కొద్దిమందే. దానికి జడిసి సొంతంగా మాస్కు కొనుక్కున్నదీ ఆమే. ఆ భయం ఆమె చేత పని మాన్పించలేదు, దశాబ్దాల పాటు పని చేయించింది. అడిగిన మాస్కు ఇవ్వని చోట అలిగి కూర్చోకుండా కొనుక్కొచ్చుకున్న ఆ రోజంటే నాకు బహుమతి కంటే ఎక్కువ గౌరవం.

మేరీ క్యూరీ 66 ఏళ్లకు రక్తహీనతతో, ఐరీన్ 58 ఏళ్లకు రక్త కేన్సర్‌తో పోయారు. ఒక మనిషి ఆయుష్షు చూపి దేన్నీ రుజువు చేయలేం, నిజమే. రోనా అమెరికాలోని ఓక్ రిడ్జ్ అణు అధ్యయన సంస్థలో పాఠాలు చెప్పి 75 ఏళ్లకు పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత మయామీ విశ్వవిద్యాలయంలో మళ్లీ సముద్రం పని పట్టుకున్నారు. 88 ఏళ్ల వయసులో తన కాలపు రేడియోధార్మిక శాస్త్ర కథను పుస్తకంగా రాశారు. 1981 జులై 27న ఓక్ రిడ్జ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 91 ఏళ్లు.