చెయ్యి మాత్రమే కొలిచే టేపు

రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేయించుకున్న స్త్రీలకు చెయ్యి వాచే ప్రమాదం ఉందని ఇప్పుడు మన సంఘాల్లో చాలామందికి తెలుసు. ఆ చేతికి సూది గుచ్చనివ్వొద్దనీ, బరువులెత్తొద్దనీ మనమే చెప్తున్నాం. (బరువుల సంగతి కాస్త ఆలోచించి చెప్పాలి. కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఎత్తితే వాపు ఎక్కువ కాదని 2009లోనే అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. అయినా బిందె ఎత్తకుండా బతికే వీలు మనలో ఎంతమందికుంది?) కానీ ఛాతీ వాస్తుందనీ, చంక కింద డొక్కలో, వీపున రెక్క ఎముక పక్కన నీరు పడుతుందనీ చెప్పేవాళ్ళు లేరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

చంకలోని లింఫు గ్రంథులు చేతిలోని నీటిని మాత్రమే వడకట్టవు. రొమ్ము, ఛాతీ, పక్క, వీపు పైభాగం, అంటే ఆ వైపున బొడ్డుకు పైనున్న చర్మం నుంచి వచ్చే లింఫు చాలావరకు ఆ చంకకే చేరాలి. గ్రంథులు తీసేసి, ఆపైన కరెంటు పెడితే (రేడియేషన్‌ని మనవాళ్ళు అలాగే అంటారు) ఆ దారి దెబ్బతింటుంది. అందరికీ వాపు రాదు. వచ్చినవాళ్ళకి మాత్రం మాంసకృత్తులతో నిండిన నీరు అక్కడే నిలిచి చర్మం మందమవుతుంది, పట్టించుకోకపోతే గట్టిపడుతుంది. ఆ చోట క్రిములు చేరితే చూస్తుండగానే ఎర్రబడి, చలితో జ్వరం కాస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్ మందులు ఆలస్యం చెయ్యకుండా పడాలి.

చెయ్యి వాస్తే రెండో చేతితో పోల్చి టేపుతో కొలవొచ్చు. ఛాతీని దేనితో పోలుస్తారు? ఒక రొమ్ము తీసేసిన శరీరంలో రెండు వైపులూ ఎలాగూ ఒకటి కావు. మూడు చెకప్పుల్లో నా చేతులు కొలిచి తేడా లేదన్నారు. జాకెట్టు ఎడమ పక్క కుట్టు విప్పించుకోవలసి వస్తోందనీ, లోపలి బాడీ పట్టీ దిగి గాడి పడుతోందనీ చెప్తే, "లావెక్కుతున్నావమ్మా" అన్నాడు డాక్టరు. ఒక్క పక్కనే లావెక్కడం ఏమిటని ఆయనకు తోచలేదు. జాకెట్టు తీసి వీపు చూపించమని అడగనూ లేదు. మనం చూపించడానికి సిగ్గుపడతాం, వాళ్ళు చూడడానికి తీరిక లేదంటారు. ఈ రెండింటి మధ్య జబ్బు ముదురుతుంది. 1991లో "సవాలక్ష సందేహాలు" పుస్తకం వచ్చినప్పుడు మన శరీరం గురించి మనమే మాట్లాడుకోవాలనుకున్నాం. క్యాన్సరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాణం దక్కింది కదా, ఇంకేం అడుగుతామని ఊరుకుంటున్నాం.

దీనికి వైద్యం ఉంది. పూర్తిగా నయం చేసేది కాదు, అదుపులో ఉంచేది. చర్మాన్ని శుభ్రంగా, మెత్తగా ఉంచుకోవడం, నీరు మంచి గ్రంథులున్న వైపుకి మళ్ళేలా తేలిగ్గా చేతితో రాయడం, కట్టు, వ్యాయామం, ఈ నాలుగూ కలిసి పనిచేయాలి. కాలుకీ చేతికీ కట్టు కట్టడం తేలిక, గుండ్రంగా ఉంటాయి కాబట్టి. ఛాతీ అలా కాదు. ఊపిరి తీసిన ప్రతిసారీ పొంగుతుంది, వంగితే కట్టు జారిపోతుంది. బిగిస్తే ఆయాసం, వదులైతే వ్యర్థం. అందుకని వెడల్పు పట్టీలు వాడతారు, చంక కిందా గాటు చుట్టూ స్పాంజి దిండ్లు పెడతారు, వెల్క్రోతో బిగించుకునే బనీన్లు తొడుగుతారు. మే నెలలో వీటిని రోజంతా వేసుకోవడమంటే ఏమిటో ఫ్యాను కింద కూర్చుని సలహా రాసేవాళ్ళకి తెలియదు. వీపు మీద కట్టు ఎవరికివాళ్ళు కట్టుకోలేరు కూడా. ఇంట్లో ఇంకొకరి చేతులు కావాలి. ఇన్నేళ్ళూ అందరికీ చేసిపెట్టిన ఆమెకు ఆ రెండు చేతులు అడిగే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక పంపు. గాలి గదులున్న తొడుగు ఒకదాని తర్వాత ఒకటి నిండుతూ నీటిని నెడుతుంది. అమ్మేవాళ్ళు దీన్నే మొత్తం వైద్యమన్నట్టు చెప్తారు. చేతికి మాత్రమే ఉన్న పంపు నీటిని భుజం దాకా తోసి ఆపుతుంది. ఆ పైన దారే లేనప్పుడు అది ఎక్కడికి పోవాలి? ఛాతీలోనే నిలబడొచ్చు. కాలికి పంపు వాడినవాళ్ళలో కొందరికి జననాంగాలు వాచాయని 1998లోనే ఒక అధ్యయనం హెచ్చరించింది. ఛాతీ వాపున్నవాళ్ళకి మొండేన్ని కూడా కప్పి, ముందు దాన్ని ఖాళీ చేసే రకం కావాలి. దాని ఖరీదు ఒక అంగన్‌వాడీ టీచరు కొన్ని నెలల జీతం. జ్వరంతో ఎర్రబడి ఉన్నప్పుడూ, రక్తనాళంలో గడ్డ కట్టినప్పుడూ, గుండె బలహీనంగా ఉన్నప్పుడూ పంపు పెట్టకూడదు. నా అభిప్రాయం ఒకటే: కట్టు కట్టడం నేర్పే మనిషిని ఇవ్వకుండా పంపు కొనమనడం అన్యాయం. పంపు పెట్టుకోవాలంటే రోజూ సుమారు గంటసేపు పడుకోవాలి. పట్టపగలు ఆడది గంట పడుకుంటే ఇల్లు ఏమంటుందో మీకు తెలుసు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల మనలో ఎందరో క్యాన్సరు వైద్యం చేయించుకోగలిగారు. అది చిన్న విషయమని నేననను. కానీ నా విషయంలో కార్డు కరెంటుతో ఆగిపోయింది. కట్లు, బనీను, ఫిజియోథెరపీ అన్నీ సొంత డబ్బే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు, లింఫెడీమా పేరు అందులో లేదు. బోదకాలు కూడా లింఫు వాపే. దాని బాధితులకు తెలంగాణలో 2018లో పింఛను వచ్చింది, రావలసిందే. ఆ కాలు వీధిలో అందరికీ కనిపిస్తుంది, మా వాపు జాకెట్టు లోపల ఉంటుంది. అమెరికాలో కూడా ఈ తొడుగులకు వృద్ధుల ప్రభుత్వ బీమా డబ్బిచ్చేది కాదు. రోగులూ వాళ్ళ కుటుంబాలూ పన్నెండేళ్ళు తిరిగితే 2022 డిసెంబరులో చట్టమైంది, 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మనం ఇంకా అడగడమే మొదలుపెట్టలేదు.

అడగవలసినవి పెద్దవేమీ కావు. ఆపరేషనుకు ముందే వాపు గురించి, ఛాతీ వాపుతో సహా, తెలుగులో చెప్పాలి. చెకప్పులో వీపు చూడాలి. ఏడాదికి రెండు బనీన్లూ కట్లూ ప్యాకేజీలో భాగం చెయ్యాలి. జిల్లా ఆసుపత్రిలో ఈ పని నేర్చిన మహిళా ఫిజియోథెరపిస్టు ఒక్కరైనా ఉండాలి.

ఈలోగా, మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమె చేత ముందువైపు వెల్క్రో, చంక కింద స్పాంజి జేబులు పెట్టి నూలు బనీను ఒకటి కుట్టించాను. ఫిజియోథెరపిస్టు చూసి బిగువు సరిచేసింది. బజారు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. కొలతలూ బొమ్మా కావలసినవాళ్ళు పత్రిక చిరునామాకి రాస్తే పంపుతాను. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళు మార్పించుకోవాలి, ఒకసారి ఫిజియోథెరపిస్టుకి చూపించాకే తొడుక్కోవాలి.