చెరువుకు ఏడవ దోషం

చెరువు త్రవ్వించడాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా భావించారు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం (క్రీ.శ. 1369) చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, కలుగగల ఆరు దోషాలను పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల మొదలైనవి ఆ దోషాలు. వాటిలో మురుగు లేదు. ఆ ఏడవ దోషాన్ని చేర్చినది మన కాలమే.

వనపర్తి సంస్థానాధీశులు తాము త్రవ్వించిన చెరువులను సముద్రాలని పిలుచుకున్నారు. శ్రీరంగాపురంలోని రంగసముద్రం అట్టిదే. నాగర్‌కర్నూలుకు కేసరిసముద్రం ఉన్నది. గద్వాల ప్రాంతం కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డగా పేరొందినది. అయినప్పటికీ పాలమూరు పల్లెలను త్రాగునీటి కొరత చిరకాలం పీడించింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టుకున్నది. నీరు ఇంటికి వచ్చే దారిపై చూపిన శ్రద్ధ, అది ఇల్లు వీడి పోయే దారిపై చూపలేదు.

సరఫరా చేసిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజనీర్ల అంచనా. ఆ లెక్కన మూడు వేల జనాభా గల గ్రామం నుండి రోజుకు 2 లక్షల 40 వేల లీటర్ల మురుగు బయలుదేరుతుంది. నీరు పల్లమెరుగునని సామెత. ఊరి పల్లాన తరచుగా ఉండేవి పేదల ఇళ్ళు; వాటికి దిగువన చెరువు. దోమలూ జ్వరాలూ మొదట ఆ ఇళ్ళవారికే. మురుగులోని నత్రజని, భాస్వరం చెరువులో గుర్రపుడెక్కను పెంచుతాయి. చేపలకు ప్రాణవాయువు కరువవుతుంది.

సిమెంటు కాలువ కట్టిస్తే పారిశుద్ధ్యం సిద్ధించినట్లేనని పలువురి అభిప్రాయం. అది సరికాదు. కాలువ మురుగును శుద్ధి చేయదు. మన వాకిటి నుండి మరొకరి వాకిటికి చేరుస్తుంది.

పరిష్కారం దుర్లభం కాదు. స్నానాల నీటిని, వంటింటి నీటిని ఇంటి వద్దనే ఇంకుడుగుంతలోకి మళ్ళించవచ్చు. సిద్దిపేట ప్రాంతంలోని ఇబ్రహీంపూర్ గ్రామం ఇంటింటా ఇంకుడుగుంతలు నిర్మించుకొని ఆదర్శంగా నిలిచింది. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు. అటువంటి చోట కాలువ చివర, చెరువుకు ఎగువన, మడ్డి దిగే కుంటను, దాని ప్రక్కన కంకర పరచి మెట్టతామర, రెల్లు నాటిన మడిని ఏర్పరచాలి. వేళ్ళనూ కంకరనూ ఆశ్రయించిన సూక్ష్మజీవులు మాలిన్యాన్ని హరిస్తాయి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. వేళకు పూడిక తీయించే యాజమాన్యం కావాలి. మరుగుదొడ్డి నీటిని మాత్రం ఇందులో కలపరాదు.

నిధులెక్కడివని కొందరు ప్రశ్నిస్తారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధులలో 60 శాతాన్ని త్రాగునీటికి, పారిశుద్ధ్యానికే ప్రత్యేకించింది. కనుక కొరవడినది ధనం ఒక్కటే కాదు, ముందుచూపు కూడా.

కొత్త కాలువకు ఆమోదం తెలిపే ముందు ప్రతి గ్రామసభ ఒక ప్రశ్న అడగాలి: ఈ నీరు చివరకు ఎక్కడికి చేరుతుంది? పద్దెనిమిదేళ్ళు నిండగానే గ్రామసభలో కూర్చునే హక్కు మీకు లభిస్తుంది. ఆ ప్రశ్న అడగవలసినవారు మీరే.