కాల్పుల ఆటలో కథా? ఉంది మరి!

"కాల్చుకునే ఆటలో కథేంటి బాబూ?" అని మా టీమ్ లీడ్ వెటకారం. ఒళ్ళు మండింది.

1998లో వాల్వ్ వాళ్ళు తెచ్చిన హాఫ్-లైఫ్ ఆడారా సార్? మొదట్లో తుపాకీ లేదు, ట్రాములో బ్లాక్ మీసా ప్రయోగశాల చూస్తూ పోవడమే. హీరో గోర్డన్ ఫ్రీమన్ నోరు విప్పడు. మధ్యమధ్య ఆట ఆపి సినిమా వెయ్యరు. కూలిన గోడలూ, వణికే సైంటిస్టులే కథ చెప్తారు. 2004లో రెండో భాగమూ అదే దారి.

మాది అనంతపురం. ఎండిన బోరూ, ఊడలు దిగని శెనక్కాయ చేనూ, తాళం వేసిన ఇల్లూ... ఇంటివాళ్ళు బెంగుళూరికి వలసపోయారని ఎవరైనా చెప్పాలా? ఫ్యాక్షన్ సినిమాలు మాత్రం సుమోలు పేల్చి అదే సీమ కథన్నాయి!

గేములు చేసే సోదరులారా, కథ పేరుతో ఆడేవాడి చేతిలో మౌసు లాక్కోకండి. వాడికీ కళ్ళున్నాయి.