మోత తగ్గించే ఇయర్‌బడ్స్ చెవికి మేలా, కీడా?

మా వైద్యశాలకు వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "డాక్టరు గారూ, పిల్లవాడు తీగలు లేని ఇయర్‌బడ్స్ కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇవి చెవి లోపలికి దూరవట, పైగా బయటి మోతను తగ్గిస్తాయట. కొనమంటారా?" మొదట్లో నేను తల అడ్డంగా ఊపి పంపించివేసేవాడిని. అయితే వాడి చూడని వస్తువును నిందించడం వైద్యునికి తగదు. గురుకులంలో మా గురువుగారు ప్రతి మూలికనూ ముందు మా నాలుక మీద పెట్టి, ఆ తరువాతనే దాని గుణం చెప్పేవారు. అందుచేత హైదరాబాదులో చదువుకుంటున్న మా మనుమడు వేసవి సెలవులకు వచ్చి, తన జతను నా చేతిలో పెట్టినప్పుడు కాదనలేదు. రెండు నెలలు వాడాను. నా అభిప్రాయం కొంత మారింది. మరికొంత నేను అనుకోని చోట మారింది.

ముందుగా ఆ వస్తువు సంగతి. సాధారణంగా దొరికే ఇయర్‌బడ్స్‌కు కొన వద్ద మెత్తని సిలికాన్ తొడుగు ఉండి, చెవి రంధ్రాన్ని బిరడా వలె మూసివేస్తుంది. నేను చెప్తున్న రకానికి ఆ తొడుగు లేదు. చెవి దొప్పలో, రంధ్రపు ముఖద్వారం వద్ద ఊరకే ఆని కూర్చుంటుంది. ఆపిల్ వారు 2024 సెప్టెంబరులో విడుదల చేసిన ఎయిర్‌పాడ్స్ 4లో ఖరీదైన జత ఇటువంటిదే. మన దేశంలో అప్పుడు దాని వెల 17,900 రూపాయలు. మోత తగ్గించే యంత్రాంగం పనిచేస్తూ ఉంటే ఒక్కసారి ఛార్జింగుకు సుమారు 4 గంటలు వస్తుందని చెప్తారు. శాంసంగ్ వారు కూడా అదే ఏడాది ఇటువంటి రకాన్ని తెచ్చారు.

మోతను తగ్గించడమంటే ఏమిటి? చెరువులో రెండు రాళ్లు వేసినప్పుడు ఒక అల శిఖరం, మరొక అల పల్లం ఒకే చోట కలిస్తే అక్కడ నీరు కదలక నిలుస్తుంది. అదే సూత్రం. ఇయర్‌బడ్‌లోని చిన్న మైకు బయటి ధ్వనిని పట్టుకుంటుంది. దానికి సరిగ్గా తలక్రిందులైన ధ్వనిని లోపలి స్పీకరు పుట్టిస్తుంది. రెండూ చెవి వద్ద కలిసి ఒకదానినొకటి మింగివేస్తాయి. ఇది నిన్నటి ఊహ కాదు. పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి 1936లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. బస్సు ఇంజను, ఫ్యాను, జనరేటరు వంటి ఎడతెగని బొంగురు మోతల మీద ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. కుక్కర్ కూత, హారన్, పసిపిల్ల ఏడుపు వంటి హెచ్చు స్థాయి ధ్వనుల మీద అంతగా పనిచేయదు. చెవిని మూయని రకంలో అవి సందుల గుండా లోపలికి వస్తూనే ఉంటాయి. అది లోపమే, కాని కొన్ని చోట్ల అదే మేలు కూడా.

చరక మహర్షి ఇంద్రియాలకు కలిగే చెరుపును మూడు విధాలుగా విభజించారు. అతియోగం, అయోగం, మిథ్యాయోగం. చెవి విషయంలో, పిడుగు వంటి, భేరీ వంటి పెను ధ్వనులను అతిగా వినడం అతియోగం. అసలు వినకపోవడం అయోగం. కర్కశమైనవి, మనసును కలచివేసేవి వినడం మిథ్యాయోగం. ఈ తూనికలో పెట్టి చూస్తేనే ఇయర్‌బడ్స్ గుణదోషాలు తేలుతాయి తప్ప, కొత్త వస్తువు కనుక చెడ్డదనీ, ఖరీదైనది కనుక మంచిదనీ అనుకుంటే తేలవు.

పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్లే దారిలో, అడవి అంచున మా ఊరు. నెలకు రెండుసార్లు మందుల సరుకు కోసం ఖమ్మం వెళ్తాను. ఆ బస్సులో ఇంజను పక్క సీటు దొరికిందంటే దిగిన తరువాత కూడా గంటసేపు తలలో హోరు. మోత తగ్గించే మీట వేయకుండా రామదాసు కీర్తనలు పెట్టుకున్నప్పుడు, ఇంజనును మించి వినిపించడానికి ధ్వనిని మూడు వంతులకు పైగా పెంచవలసి వచ్చింది. మీట వేసిన తరువాత సగానికి తగ్గించినా సాహిత్యం తెలిసింది. అంటే అతియోగం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 83కు పెరిగితే 20 గంటలే. 86 అయితే 10 గంటలే. మూడు మెట్లు ఎక్కినప్పుడల్లా కాలం సగమవుతుంది. అందుచేత ప్రయాణంలో ధ్వనిని తగ్గించుకోగలగడం చిన్న లాభం కాదు. రంధ్రం మూసుకుపోదు కనుక లోపల చెమట నిలవదు, మన మాట మనకే కుండలో మాట్లాడినట్లు మారుమ్రోగదు. ఇంతవరకు నా తీర్పు అనుకూలమే.

ఒకనాటి సాయంకాలం మా వసారాలో కూర్చొని వింటున్నాను. బస్సు లేదు, మోత లేదు. పక్కన కూర్చున్న మనుమడు ఉన్నట్టుండి, "తాతయ్యా, ఇంత సౌండా? నాకు ఇక్కడికి వినిపిస్తున్నది. నేను కూడా ఇంత పెట్టుకోను" అన్నాడు. ఈ రకంలో ధ్వని బయటికి కూడా కారుతుంది. అందువల్లనే వాడికి తెలిసింది. నాకు మాత్రం అది మామూలుగానే అనిపించింది.

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. రోగిని పరీక్షించే అష్టస్థానాలలో నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, దృష్టి, ఆకృతి ఉన్నాయి. అందులో శబ్దం ఒకటి. రోగి కంఠం, దగ్గు, ఆయాసం విని నేను చికిత్స చెప్తున్నాను. గత రెండు మూడేళ్లుగా పసిపిల్లల తల్లులు గొణిగినట్లు మాట్లాడుతున్నారని విసుగుకుంటూ ఉన్నాను కూడా. మరుసటి వారం ఖమ్మంలో చెవుల డాక్టరు వద్ద వినికిడి పరీక్ష చేయించుకున్నాను. కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ వద్ద పల్లంలో పడి, తరువాత కొంచెం పైకి లేచింది. వయస్సు వల్ల వచ్చే చెవుడు సాధారణంగా అట్లా ఉండదట, జారుతూ పోతుందట. "ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేశారా?" అని ఆయన అడిగారు.

చేశాను. మా వైద్యశాల వెనుక గదిలో చూర్ణాలు కొట్టే పల్వరైజర్ ఉన్నది. తానికాయ, కరక్కాయ పడినప్పుడు అది చేసే మోతకు తలుపులు అదురుతాయి. ఇరవై రెండేళ్లుగా ఆ గది పక్కనే కూర్చొని మందులు రాస్తున్నాను. ఇయర్‌బడ్స్ పిల్లల చెవులను పాడుచేస్తాయని ఊరందరికీ ఉపదేశిస్తూ, నా యంత్రాన్ని ఒక్కనాడూ అనుమానించలేదు. దానిని నడిపే పనివాని సంగతి ఇంకా ఘోరం. నేను పక్క గదిలో ఉన్నాను, అతడు దాని ముందే నిలబడి ఉన్నాడు. అతనికి ముక్కుకు గుడ్డ ఇచ్చాను, చెవులకు ఏమీ ఇవ్వలేదు. మొన్నటి వరకు అతడు పిలిస్తే పలకడని కోప్పడేవాడిని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. మోత తగ్గిస్తాయి కదా అని పిండిమరల వద్ద, రంపపు మిల్లుల వద్ద ఇటువంటి ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే రక్షణ ఉండదు. చెవిని మూయనివి కనుక తీక్ష్ణమైన ధ్వనులు లోపలికి వస్తూనే ఉంటాయి. ఆ పనికి చెవి మొత్తాన్ని కప్పే ఇయర్ మఫ్స్ వేరుగా ఉన్నాయి. ఇయర్‌బడ్స్‌తో పోలిస్తే వాటి వెల చాలా తక్కువ.

ఇక అయోగం. మా వైపు వేసవిలో తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరడానికి అడవిలోకి వెళ్తారు. ఆ పువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది. ఆకుల చప్పుడు విని పక్కకు తప్పుకొనే చెవి వారికి కళ్లకంటె ముఖ్యం. ఇప్పుడు ఆ కుర్రవాళ్లు చెవుల్లో పాటలతో వెళ్తున్నారు. పట్టణంలో ఎలుగుబంటి లేదు గాని బొగ్గు లారీ ఉన్నది. రోడ్డు మీద నడిచేటప్పుడు, రెండు చక్రాల బండి నడిపేటప్పుడు, మోత తగ్గించే మీట వేసినా వేయకపోయినా, వీటిని తీసివేయండి. రాత్రి పెట్టుకొని నిద్రపోవడం కూడా నేను ఒప్పుకోను. చెవి మనం నిద్రపోయినా కాపలా కాసే ఇంద్రియం.

గృహిణులు తప్పక అడిగే ప్రశ్న నూనె గురించి. కర్ణపూరణం దినచర్యలో చెప్పినదే. గోరువెచ్చని నువ్వులనూనె నాలుగు చుక్కలు వేసుకుంటే పొడిబారిన చెవికి హాయి. కాని చీము కారుతున్నప్పుడు, కర్ణభేరికి రంధ్రం ఉన్నదని తెలిసినప్పుడు ఒక్క చుక్క కూడా వేయరాదు. నూనె వేసిన చెవిలో ఇయర్‌బడ్ పెట్టరాదు. మోత వల్ల దెబ్బతిన్న లోపలి కణాలు తిరిగి మొలవవు. బిల్వ తైలం గాని, మరే తైలం గాని వాటిని మొలిపిస్తుందని నేను చెప్పను. చెప్పే వారిని నమ్మకండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆ రోజే చెవుల డాక్టరును కలవండి. ఇయర్‌బడ్స్ ఒకరివి ఒకరు పెట్టుకోవద్దు. దురద ఉన్నన్నాళ్లు అసలే వద్దు.

కొనమంటారా అని అడిగిన తల్లిదండ్రులకు ఇప్పుడు నేను చెప్తున్నది ఇది. రోజూ గంటల తరబడి బస్సులోనో, రైలులోనో తిరిగే వారికైతే కొనండి. చెవిలో నిలుస్తాయో జారిపోతాయో దుకాణంలోనే పెట్టి చూడండి, ఎందుకంటే అందరి చెవి దొప్పా ఒక తీరుగా ఉండదు. ఇంట్లో చదువుకునే పిల్లవానికి 17,900 రూపాయలు పెట్టి నిశ్శబ్దం కొనడం కంటె, ఆ రెండు గంటలు టీవీ ఆపివేయడం మేలు. వినికిడి తగ్గిన తాతగారికి ఇవి సాయపడతాయని అనుకోవద్దు. ఆయనకు ముందు పరీక్ష చేయించాలి. ఎవరైనా సరే రోజుకు 2 గంటలు మించవద్దు, మధ్యమధ్య చెవికి విరామం ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సేవల విభాగం 2025లో ఇచ్చిన సలహా కూడా ఇదే.

మనుమడు తన జతను తీసుకొని హైదరాబాదు వెళ్లిపోయాడు. పల్వరైజర్ గదికి మందపాటి తలుపు పెట్టించాను, ఇయర్ మఫ్స్ రెండు జతలు తెప్పించాను. వచ్చే మంగళవారం పనివానిని కూడా పరీక్షకు ఖమ్మం తీసుకొని వెళ్తున్నాను.