బుడమేరు బాధ్యత ఒక్క బెజవాడది కాదు

2024 ఆగస్టు ఆఖరున విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగి, రోజుల తరబడి తేరుకోలేదు. ఆ నీరంతా నగరంలో కురిసిన వాన కాదు. మైలవరం వైపు కొండల నుంచి దిగిన బుడమేరు వరద వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి ఒక్కసారిగా వచ్చిపడింది. దాన్ని కృష్ణలోకి తిప్పాల్సిన మళ్లింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. ఆఖరి గండిని సైన్యం సాయంతో సెప్టెంబరు 7న గానీ పూడ్చలేకపోయారు. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా పారుతున్నప్పుడు పక్కనుంచి వచ్చే కాలువ నీటిని లోపలికి రానివ్వదు, వెనక్కి నెడుతుంది. 2005లోనూ బుడమేరు విజయవాడను ముంచింది. ఈ రెండు వరదల మధ్య 19 ఏళ్లు గడిచినా, ఈ ఏరు మొత్తానికి జవాబుదారీ ఎవరన్న ప్రశ్నకు మన పాలనా వ్యవస్థలో సమాధానం లేదు. సమస్య మూలం అక్కడే ఉంది.

బుడమేరు ఎన్టీఆర్ జిల్లాలో పుట్టి, కృష్ణా జిల్లా మీదుగా పారి, కొల్లేరు సరస్సులో కలుస్తుంది. ఏలూరును ముంచే తమ్మిలేరు చేరేదీ అక్కడికే. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక ఈ ఒక్క నీటి దారి నాలుగు కలెక్టరేట్ల మధ్య చీలిపోయింది. వీటికి తోడు నగరపాలక సంస్థలు, మున్సిపాలిటీలు, పదుల సంఖ్యలో పంచాయతీలు. ఎగువన ఒక పంచాయతీ చెరువును మెరక చేసి లేఅవుట్ వేయనిస్తే పన్ను ఆదాయం ఆ పంచాయతీకి, ముంపు దిగువ వాళ్లకు. దిగువన కొల్లేరులో చేపల చెరువుల గట్లు లేచినా, ఉప్పుటేరు పూడిపోయినా నీరు ఎగదన్ని పైవాళ్ల పొలాల్లో నిలుస్తుంది. లాభం ఒకచోట, నష్టం మరోచోట ఉన్నప్పుడు ఏ స్థానిక సంస్థా తనంతట తాను సర్దుకోదు. అది అధికారుల చిత్తశుద్ధికి సంబంధించిన విషయం కాదు. వ్యవస్థే అలా ఉంది.

మళ్లింపు కాలువను వెడల్పు చేసి, నగరంలో ఆక్రమణలు తొలగిస్తే చాలదా అనే వాళ్లున్నారు. ఆ పనులు జరగాల్సినవే, వెంటనే జరగాల్సినవే. కానీ కృష్ణ పొంగిన రోజున, అంటే అసలు అవసరమైన రోజున, ఎంత వెడల్పు కాలువైనా పూర్తిగా ఆదుకోదు. నగరం లోపల ఏటిని లోతు చేసి నీటిని త్వరగా సాగనంపితే, అది అంతే త్వరగా గుడివాడ వైపు పల్లెల మీదా కొల్లేరు లంకల మీదా పడుతుంది. పైన చెరువుల్లో నీటిని నిలపకుండా, కింద ఉప్పుటేరును తెరవకుండా మధ్యలో చేసే పని వరదను ఒక ఊరి నుంచి మరో ఊరికి బదిలీ చేస్తుందే తప్ప తగ్గించదు.

కాబట్టి బుడమేరు, తమ్మిలేరు, కొల్లేరు, ఉప్పుటేరులను ఒకే పరీవాహక ప్రాంతంగా గుర్తిస్తూ, అందులోని నగరాలు, పట్టణాలు, పంచాయతీలు సభ్యులుగా ఒక చట్టబద్ధ మండలి ఏర్పడాలి. వరద దారిలో ఏ నిర్మాణానికైనా దాని సమ్మతి తప్పనిసరి కావాలి. వెలగలేరు షట్టర్లు ఎప్పుడు ఎత్తాలో, ఎవరిని ముందుగా హెచ్చరించాలో ముందే రాసిపెట్టిన నిబంధన ఉండాలి. ఇది రాజ్యాంగానికి కొత్త ఆలోచనేమీ కాదు. 74వ సవరణ జిల్లా ప్రణాళికా సంఘాలకు, మహానగర ప్రణాళికా సంఘాలకు అప్పగించిన పనుల్లో నీటి పంపకాన్ని పేరు పెట్టి మరీ చేర్చింది. మనం వాటిని కాగితానికే పరిమితం చేశాం.

రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) ఉండగా మరో సంస్థ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. దాని హద్దులు రాజధాని అభివృద్ధి కోసం గీసినవి. ఏలూరు వాటిలో లేదు. జలవనరుల శాఖకు కాలువల మీద అధికారం ఉంది గానీ లేఅవుట్ల మీద లేదు. స్థానిక సంస్థల స్వేచ్ఛకు భంగమన్న వాదన ఇంకా బలమైనది. దానికి జర్మనీలోని ఎమ్‌షర్ అనే చిన్న నది జవాబు చెబుతుంది. బొగ్గు గనుల మురుగుతో, ముంపుతో విసిగిన రూర్ ప్రాంతపు పట్టణాలు 1899లో గనులు, పరిశ్రమలతో కలిసి సహకార సంఘం పెట్టుకున్నాయి. ఖర్చును సభ్యులే పంచుకుంటారు. రెండు ప్రపంచ యుద్ధాలను దాటి ఆ సంఘం నేటికీ పనిచేస్తోంది. మురుగు కాలువగా మారిన నదిని మూడు దశాబ్దాల కృషితో మళ్లీ శుభ్రం చేసింది. ఆ సంఘం వల్ల ఏ పట్టణమూ తన ఉనికిని కోల్పోలేదు.

ఎగువ రైతు మాటేమిటన్నది అన్నిటికన్నా ముఖ్యమైన అభ్యంతరం. విజయవాడ క్షేమం కోసం తన భూమి విలువ ఎందుకు పోగొట్టుకోవాలని ఆయన అడిగితే తప్పు పట్టలేం. ఆయనకు నగరమే పరిహారం చెల్లించాలి. తాగునీటి కోసం న్యూయార్క్ నగరం 1997లో ఎగువ గ్రామాలతో ఒప్పందం చేసుకుని, తన డబ్బుతో అక్కడి భూములను, పొలాలను కాపాడే బాధ్యత తీసుకుంది. ఇక్కడా మండలి నిధిలో పెద్ద వాటా విజయవాడదే కావాలి. కొల్లేరులో కూలినాలి చేసుకునే మత్స్యకారుల జీవనోపాధికీ ఆ నిధిలో చోటుండాలి. 2006లో చెరువు గట్లు కొట్టేశాక అవి మళ్లీ లేచాయంటే, ప్రత్యామ్నాయం చూపకుండా చేసిన తొలగింపు నిలవదని తేలిపోయింది.

వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ప్రభుత్వం ఈ మండలి కోసం బిల్లు తేవాలి. అది చట్టమయ్యే దాకా వరద దారిలో కొత్త లేఅవుట్లకు, కట్టడాలకు నాలుగు జిల్లాల్లోనూ అనుమతులు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుకు మంత్రివర్గ ఆమోదం చాలు, రుతుపవనాల దాకా ఆగనక్కర్లేదు.