రంగంలో ఒక హాస్యగాడు

ఒకప్పుడు కోస్తా తెలుగువారికి 'రంగం' అంటే రంగూన్. పొట్ట చేతపట్టుకుని ఓడ ఎక్కినవారిని 'రంగం వెళ్ళారు' అనేవారు. నాటకం ఆడే చోటు కూడా రంగమే. ఈ రెండు అర్థాలూ ఒక్కరి జీవితంలో కలిశాయి. ఆయన బర్మా రంగస్థల, చలనచిత్ర నటుడు జర్గనార్.

1961లో రంగూన్‌లో పుట్టిన ఆయన అసలు పేరు మౌంగ్ తుర. చదివింది దంతవైద్యం. ఆ వృత్తిని వదిలి వేదిక ఎక్కి, 'చిన్న పట్టకారు' అని అర్థమిచ్చే పేరు పెట్టుకున్నాడు. బర్మీయుల సంప్రదాయ ప్రదర్శన 'అన్యెయిన్'లో నర్తకి ఆటపాటల నడుమ విదూషకులు లోకం పోకడను ఎత్తిపొడుస్తారు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడికి ఉన్న చనువు వంటిదే అది. జర్గనార్ దానిని సైనిక పాలకుల దాకా తీసుకువెళ్ళాడు.

1988 ఉద్యమకాలంలో తొలిసారి జైలు పాలయ్యాడు. 1990లో సైనిక పాలకుడు సా మౌంగ్‌ను వేదికపై అనుకరించిన తరువాత మళ్ళీ నిర్బంధించి, అయిదేళ్ళ శిక్ష వేశారు. ఇన్సేన్ జైలులో కలం, కాగితం నిషిద్ధం. పెంకుముక్కతో గచ్చుమీద కవితలు గీసుకుని కంఠస్థం చేసేవాడు. 2008 మే నెలలో నర్గీస్ తుఫాను విరుచుకుపడినప్పుడు బాధితులకు సాయం అందించి, ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని విదేశీ విలేఖరులకు చెప్పాడు. ఇన్సేన్ జైలు లోపలే విచారణ జరిపి మొత్తం 59 ఏళ్ళ శిక్ష విధించారు. తరువాత దానిని 35 ఏళ్ళకు తగ్గించారు. 2011 అక్టోబరులో విడుదలయ్యాడు.

2010లో రెక్స్ బ్లూమ్‌స్టీన్ తీసిన 'దిస్ ప్రిజన్ వేర్ ఐ లివ్' అనే డాక్యుమెంటరీ ఆయన గురించినదే. అందులో జర్మన్ హాస్యనటుడు మైఖేల్ మిట్టర్‌మయర్, చెరలో ఉన్న జర్గనార్ కోసం బర్మాకు ప్రయాణమవుతాడు. ఈ జోడింపే చిత్రానికి బలం. ఒకరు నాయకులను వెక్కిరించి నిశ్చింతగా ఇంటికి చేరగలరు. అదే పని చేసిన రెండోవారికి మిగిలింది జైలుగది. కళాకారుడి స్వేచ్ఛ గురించిన ఉపన్యాసాలకన్నా ఈ పోలిక సూటిగా తాకుతుంది.

అయినా ఒక లోటు ఉంది. జర్గనార్ గురించి లోకానికి తెలిసినదంతా శిక్షల లెక్కే. ఆయన ఎందుకు నవ్వించగలిగాడో, ఏ మాటను ఎక్కడ విరిచాడో బర్మీస్ రాని వారికి దాదాపుగా అందలేదు. నటుడిని అతడు గడిపిన జైలేళ్ళతో కొలవడం అంటే జైలుకు పంపినవారి కొలబద్దను వాడటమే. చెరసాల కవి అనగానే చేతులు జోడించే మనకు కూడా హాస్యగాడిని రెండో పంక్తిలో కూర్చోబెట్టే అలవాటు ఉంది.

పాలకులకు మాత్రం ఆ అలవాటు లేదు. 2021లో అధికారం చేజిక్కించుకున్న సైన్యం, ఏప్రిల్‌లో అరవయ్యేళ్ళ జర్గనార్‌ను మళ్ళీ పట్టుకువెళ్ళి కొన్ని నెలలు నిర్బంధంలో ఉంచింది. ఆయన హాస్యాన్ని అంత శ్రద్ధగా పట్టించుకోవలసింది సైన్యం కాదు, సాహిత్య పాఠకులు. ఆయన మాటలు తెలుగులోకి రావాలి.