‘ముసలిదైపోయింది’ అన్నది రోగనిర్ధారణ కాదు

పెంపుడు కుక్క మెట్లెక్కడం మానేసిందని చెప్పేవారిని కారణం అడిగి చూడండి. చాలామంది నోట ఒకే మాట వస్తుంది: ‘ముసలిదైపోయింది లెండి.’ ఈ మాట వినడానికి జాలిగానే ఉంటుంది. కాని దాని వెనుక జరుగుతున్న పని వేరు. ఆ ఒక్క మాటతో పరీక్ష, చికిత్స, ఖర్చు, బాధ్యత అన్నీ రద్దయిపోతాయి. ముసలివారి మోకాళ్ల నొప్పిని, మతిమరుపును ‘వయసు’ అని కొట్టివేసే అలవాటుతో వైద్యులు ఎంతోకాలం పోరాడవలసి వచ్చింది. మనుషుల విషయంలో అది కొంత తగ్గింది. నోరులేని ప్రాణుల విషయంలో మాత్రం నిరాఘాటంగా సాగిపోతోంది. నేను మనుషుల వైద్యుడినే. మందుల మోతాదు చెప్పవలసింది పశువైద్యుడు. నా తగవు ఆ మాటతోనే.

అసలు వయసు లెక్కే మనకు సరిగా తెలియదు. కుక్క వయసును ఏడుతో గుణించాలని అందరూ చెబుతారు. ఏడాది నిండిన ఆడకుక్క పిల్లలను కంటుంది. ఏడేళ్ల ఆడపిల్ల కనగలదా? కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 2020లో లాబ్రడార్ కుక్కల డీఎన్ఏపై వయసుతో మారే రసాయన గుర్తులను పరిశీలించి వేరే లెక్క తేల్చారు. ఆ జాతిలో ఏడాది కుక్క సుమారు 30 ఏళ్ల మనిషికి, నాలుగేళ్లది 50 దాటిన మనిషికి సమానం. ఆ తరువాత వేగం తగ్గుతుంది. గ్రేట్ డేన్ వంటి భారీ జాతులు ఆరేడేళ్లకే వార్ధక్యంలో అడుగుపెడతాయి, చిన్న జాతులు మరికొన్నేళ్లు ఆగుతాయి, పిల్లులు పదేళ్లు దాటాక. ‘ఇంకా ఏడేళ్లేగా’ అనుకునే యజమాని అప్పటికే ఆలస్యం చేసినట్టు.

ఇక నొప్పి. పిల్లి కుంటదు, మూలగదు. పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించిన ఒక అమెరికన్ అధ్యయనంలో తొంభైకి కీళ్ల అరుగుదల కనిపించింది. ఆ పిల్లి చేసేదల్లా ఒకటే: గోడ ఎత్తైన ఇసుక పళ్లెంలోకి కాలెత్తి దిగలేక పక్కన నేలమీద పోస్తుంది. నడుము వంచి నాకలేక వీపు చివర వెంట్రుకలు ఉండకడతాయి. యజమాని దానికి పొగరెక్కిందని కొడతాడు. నొప్పికి దెబ్బలు మందుగా వాడే వైద్యం ఇదొక్కటే కాబోలు! పళ్లెం అంచును ఒకవైపు కోసి తగ్గిస్తే సగం సమస్య తీరుతుంది. కుక్కల సంగతి మరీ దారుణం. నున్నటి గ్రానైట్, టైల్స్ పరిచిన మన ఇళ్లలో వెనుక కాళ్లలో బలం తగ్గిన కుక్క లేవబోయి జారుతుంది, రెండుసార్లు జారాక లేవడమే మానుకుంటుంది. అది నడిచే దారిలో ఒక పాత జంపఖానా పరచడానికి ఎంత ఖర్చవుతుంది?

నీళ్ల విషయంలో జరిగేది ఇంకా ఘోరం. వయసు మళ్లిన కుక్క అతిగా తాగి రాత్రి ఇంట్లో తడిపేస్తుంటే నీళ్ల గిన్నె తీసి దాచేవారున్నారు. అతిదాహం మూత్రపిండాల జబ్బు కావచ్చు, మధుమేహం కావచ్చు, గర్భసంచి తొలగించని ఆడకుక్కకు ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భసంచిలో చేరిన చీము కావచ్చు. ఈ చివరిది ప్రాణాంతకం, శస్త్రచికిత్సతో నయమయ్యేది కూడా. మూత్రపిండాల పని సుమారు నాలుగింట మూడు వంతులు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెరగదు. అందుకే రక్తంతో పాటు మూత్రమూ పరీక్షించాలి. తాగనివ్వకపోవడమంటే మిగిలిన పావు వంతునూ ఆర్పేయడమే. అలాగే, బాగా తింటూనే చిక్కిపోతున్న ముసలి పిల్లిని చూసి ‘ఆకలి బాగుంది’ అని సంతోషించకండి. థైరాయిడ్ అతిగా పనిచేసినా అలాగే ఉంటుంది, దానికి మందుంది.

వయసు చేసే మార్పులే లేవని నేను అనడం లేదు. మూతి నెరుస్తుంది, నిద్ర పెరుగుతుంది, కంటిపాప నీలిమబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. కటకం గట్టిపడటం వల్ల వచ్చే ఆ నీలిమ చూపును పెద్దగా చెడగొట్టదు, తెల్లటి శుక్లం వేరు. ఏది ఏదో తేల్చవలసింది పరీక్ష. పొరుగువారి అభిప్రాయం కాదు.

ఇంతా అయ్యాక కొందరు దయ తలచి ఇంట్లోని మాత్రల డబ్బా తెరుస్తారు. పిల్లికి పారాసిటమాల్‌ను విరిచి నిర్వీర్యం చేసే కాలేయపు ఏర్పాటు చాలా స్వల్పం. మనకు జ్వరం తగ్గించే ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర దాని రక్తాన్ని గోధుమరంగుకు మార్చి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పకూలడం వల్లనే 2006లో మన దేశం దాన్ని పశువైద్యంలో నిషేధించింది.

‘మనుషులకే దిక్కులేదు, కుక్కలకు పరీక్షలా?’ అంటారు. ఆ మాట పిల్లను తెచ్చుకున్న రోజున గుర్తురావలసింది. పైగా నేను అడుగుతున్నది ఆరు నెలలకొకసారి పశువైద్యుడికి చూపించడం, నెలకొకసారి బరువు తూచడం. పిల్లిని ఎత్తుకుని తూకమెక్కి, మీ బరువు తీసివేస్తే చాలు. నాలుగు కిలోల పిల్లి అరకిలో తగ్గిందంటే 60 కిలోల మనిషి ఏడున్నర కిలోలు తగ్గినట్టు. మనిషైతే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తేవారు. కుక్క ముసలిదైందని పెరుగన్నంతో సరిపెట్టడమూ పొదుపు కాదు. కండ కరిగే వయసులో మాంసకృత్తులు తగ్గిస్తే కాళ్లు ఇంకా ముందే పడిపోతాయి. పిల్లికైతే మాంసం లేని తిండి గుండెకు, కంటికి కూడా ముప్పు.

‘ముసలిదైపోయింది’ అన్న మాట చివరికి ఎక్కడికి చేరుతుందో ఊరి పొలిమేరల్లో చూడవచ్చు. కొత్త అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరనో, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నామనో, పళ్లూడి చూపు మందగించిన కుక్కను ఏ గుడి దగ్గరో దించి, ఎవరో ఒకరు ఇంత అన్నం పెడతారని చెప్పుకుంటూ కారెక్కేస్తారు. అది ఎన్నడూ వీధి కుక్కల మధ్య బతకలేదు. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. తొలిసారి దొరికినవారికి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు.